ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రూపుదిద్దుకొని, నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమలులో ఉన్న పథకం. ఆదాయ పరిమితికి లోబడిన కుటుంబాల పిల్లలు పై చదువులు చదివేటప్పుడు వారి ట్యూషన్ ఫీజును ప్రభుత్వం భరిస్తుంది. హాస్టల్, మెస్ ఖర్చులకు ఇచ్చే ఉపకారవేతనం దీనికి అదనం.

పూర్వరంగం

ఈ పథకానికి పునాది కేంద్ర ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనాలు. అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా ఉన్న కాలంలో, 1944లో, షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల కోసం ఇవి మొదలయ్యాయి. తర్వాత గిరిజన విద్యార్థులకూ విస్తరించాయి.

ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు పెరిగాక ఫీజు పెద్ద అడ్డంకి అయింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఈ కళాశాలల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు ఉండాలంది. పేమెంట్ సీట్ల వారు కట్టే ఎక్కువ ఫీజే మిగతావారి చదువుకు ఆసరా. 2002లో టీఎంఏ పాయ్ కేసు తీర్పుతో ఆ ఏర్పాటు పోయింది. ర్యాంకుతో సీటు తెచ్చుకున్న పేద విద్యార్థికీ ఫీజు భారం తప్పలేదు.

ఆరంభం, ఆంక్షలు

2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆ భారాన్ని తలకెత్తుకుంది. ఎస్సీ, ఎస్టీలతో పాటు బీసీ, మైనారిటీ, ఈబీసీ విద్యార్థులకూ పథకం క్రమంగా వర్తించింది. ఇంజనీరింగ్‌లో చేరే గ్రామీణ విద్యార్థులు పెరిగారు. కళాశాలలూ ఊరూరా వెలిశాయి. ప్రభుత్వ సొమ్ముతోనే నాసిరకం కళాశాలలు బతుకుతున్నాయన్న విమర్శ అప్పుడే మొదలైంది. ఖర్చు పెరగడంతో 2012లో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం ఎంసెట్‌లో 10 వేలు దాటిన ర్యాంకు వచ్చిన బీసీ, ఈబీసీ విద్యార్థులకు రూ.35 వేల పరిమితి పెట్టింది.

విభజన తర్వాత

2014లో తెలంగాణ ప్రభుత్వం 1956 నాటి స్థానికతను ప్రమాణంగా తీసుకొని 'ఫాస్ట్' పథకం ప్రకటించింది. హైకోర్టు అభ్యంతరాల నేపథ్యంలో 2015లో దాన్ని విరమించుకొని పాత పద్ధతికే మళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం జగనన్న విద్యా దీవెన పేరుతో పూర్తి ఫీజు చెల్లిస్తామని ప్రకటించింది. 2021 నుంచి సొమ్మును తల్లుల ఖాతాల్లో వేసింది. అంతకుముందే, 2020 డిసెంబరులో, జీవో 77 ద్వారా ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులను పథకం నుంచి తప్పించింది. 2024లో వచ్చిన కూటమి ప్రభుత్వం ఫీజును మళ్లీ నేరుగా కళాశాలలకే చెల్లించే విధానం తెచ్చింది.

బకాయిలు

ప్రభుత్వాలు మారినా తీరని సమస్య బకాయిలు. నిధులు ఆలస్యమైతే కళాశాలలు ఫీజు కట్టమని విద్యార్థులనే ఒత్తిడి చేస్తాయి. చదువు పూర్తయినా సర్టిఫికెట్లు ఆపుతాయి. అప్పు తెచ్చి కడితే గాని పట్టా చేతికి రాని కుటుంబాలకు పథకం ఉన్నా లేనట్టే. 2025 నవంబరులో తెలంగాణలోని ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం బంద్ పాటించాయి. కొంత మొత్తం విడుదలకు ప్రభుత్వం హామీ ఇచ్చాక విరమించాయి.