చెమట చేసే చలువ

రోహిణికార్తెలో రెంటచింతల నుంచి బందరు వచ్చిన బంధువులు, "మా ఎండ కంటె మీ ఎండ తక్కువే గదా, ఈ ఉక్కిరిబిక్కిరి ఏమిటి?" అని అడగడం కద్దు.

దీనికి సమాధానం 1774 నాటి ఒక లండను గదిలో ఉన్నది. నీరు మరిగే వేడిని మించి కాచిన ఆ గదిలో చార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు కొన్ని నిమిషాలు నిలిచాడు. అక్కడ ఉంచిన మాంసఖండం ఉడికిపోయింది; ఆయన దేహోష్ణం మాత్రం ఇంచుమించు మారలేదు. అంతకంటె వింత, పాత్రలోని నీరు సైతం మరగలేదు. పైన కాస్త నూనె వేసి ఆవిరిని అడ్డగించిన పిమ్మటనే తెర్లింది!

రక్తం వేడెక్కగానే మెదడులోని హైపోథాలమస్ చర్మంలోని నాళాలను విప్పి, చెమట పుట్టిస్తుంది. గ్రాము చెమట ఆరితే సుమారు 580 కేలరీల వేడి పోతుంది. ఆరితేనే సుమా! కారి నేలరాలిన బొట్టు వలన ఫలితం బహు స్వల్పం. దివిసీమను చుట్టి గుడివాడ దాకా పాకే సముద్రపు తేమ, బ్లాగ్డెన్ పాత్రలోని నూనెపొర వంటిది. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం 35 డిగ్రీలు చూపిన నాడు, నీడను కూర్చున్న ఆరోగ్యవంతుణ్ణి కూడా చెమట చల్లబరచజాలదు.

2015 మే నెల వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా మరణించారు. వారిలో అధికులు తెలుగునాటి వారే. ఎండలో కూలికి పోయినవారు, వృద్ధులు.

సాయంకాలం పైరగాలి తిరిగితే, ఒంటిని అంటిన తేమగాలి తొలగి చెమట ఆరసాగుతుంది. బందరులో జనం అరుగుల మీదికి వచ్చేది అప్పుడే.