గుత్తి దుర్గం సైనిక జీవితకాలం: నీటి పాత్ర

వ్యాససంగ్రహం:
పాత యుద్ధసామగ్రి దీర్ఘకాలం వాడుకలో నిలవడానికి దాని దృఢత్వమే కారణమని భావించడం పరిపాటి. అనంతపురం జిల్లాలోని గుత్తి దుర్గచరిత్రను పరిశీలిస్తే, ఆ జీవితకాలాన్ని నిర్ణయించేవి సరఫరా, చేయవలసిన పని అని తెలుస్తుంది. ఈ వ్యాసం ఆ అంశాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: గుత్తి దుర్గం, దత్తమండలాలు, మురారిరావు ఘోర్పడే, హైదర్ అలీ, పాలెగాళ్లు.

1. ఉపోద్ఘాతం

ఆయుధం పాతబడటం వేరు, పనికిరాకపోవడం వేరు. 1895లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకి రూపాంతరాలు చెందుతూ, 'త్రీ నాట్ త్రీ'గా భారతీయ పోలీసుల చేతుల్లో తరతరాలు నిలిచింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు పలికింది 2020లోనే. తూటా దొరికినంతకాలం, కాపలా పనికి అది చాలినంతకాలం ఆ తుపాకి కొనసాగింది. కోట విషయంలోనూ ఈ రెండు షరతులే వర్తిస్తాయి. సగటున ఏటా 550 మిల్లీమీటర్ల మేరకే వాన కురిసే అనంతపురం పీఠభూమిలో కోటకు అందవలసిన మొదటి సరఫరా నీరు.

2. దుర్గస్వరూపం

గుత్తి కొండ చుట్టూ ఉన్న మైదానం నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. అక్కడి శిలలపై పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలపు (1076-1126) కన్నడ శాసనాలున్నాయి. అంటే పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటికే ఈ కొండకు రాజకీయ ప్రాధాన్యం ఉంది. ప్రాకారాలు, వరుస ద్వారాలు శత్రువును ఆపగలవు. కొండపై నిలిచే దండు మాత్రం రాతిలో వాననీటిని పట్టి ఉంచే గుండాల మీదనే బతకాలి. కాబట్టి దుర్గం ఎంతమందిని ఎన్నాళ్లు కాపాడగలదో గోడలు కాక గుండాలే నిర్ణయించేవి.

3. 1775-76 ముట్టడి

పద్దెనిమిదో శతాబ్దంలో గుత్తి మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే స్థావరం. 1775లో బళ్లారిని వశపరచుకున్న హైదర్ అలీ గుత్తిని ముట్టడించాడు. మార్క్ విల్క్స్ తన మైసూరు చరిత్రలో ఈ ఘట్టాన్ని వివరించాడు. దిగువ కోట, పేట పడిపోగా జనం, పశువులు పైకోటలో కిక్కిరిశారు. ఆశ్రయం కోరి వచ్చినవారి దాహమే ఆశ్రయమిచ్చిన కోటను బలహీనపరచింది. సంధి బేరసారాలు జరుగుతుండగా నీటి కొరత సంగతి హైదర్‌కు పొక్కింది. అతడు రాజీకి స్వస్తి చెప్పి ముట్టడి కొనసాగించాడు. 1776లో మురారిరావు లొంగిపోయాడు. పైకోటను గెలిచింది ఫిరంగి కాదు, దాహం.

4. పని ముగిసిన కోట

ఓడిన కోట వెంటనే కొత్త యజమానికి ఆయుధమైంది. 1799 వరకు అది మైసూరు అధీనంలో ఉంది. తరువాత నిజాముకు దక్కి, 1800లో దత్తమండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీకి సంక్రమించింది. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో (1800-1807) పాలెగాళ్ల సాయుధబలాన్ని అణచివేశాడు. మైదానంలో పోటీ సైన్యాలు లేనప్పుడు వాటిని అదుపు చేసే కొండకోటకు పనిలేదు. 1776లో నీరు కరవై కోట లొంగింది. 1800 తరువాత గోడలు చెక్కుచెదరకున్నా శత్రువు కరవై దాని సైనికజీవితం ముగిసింది.

5. ముగింపు

గుత్తి నేడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం. దుర్గాల వర్ణనల్లో బురుజులకు, ద్వారాలకు దక్కే చోటు నీటి గుండాలకు దక్కడం అరుదు. కరవునేలలో గుండం కూడా ఆయుధమే. దాన్ని పూడిపోనిస్తే మురారిరావు ఓటమికి సాక్ష్యం కూడా దానితోపాటే పూడిపోతుంది. రాయలసీమ దుర్గాల పరిశోధన గోడల కొలతలతో పాటు నీటి కొలతలనూ నమోదు చేయవలసి ఉంది.