స్వయంకృషి కథలో కనిపించని సగం

మా బాచుపల్లిలో ఏ వ్యాపారి జీవితం గురించి విన్నా అది ఒంటరి మనిషి కథగానే వినిపిస్తుంది. కొద్దిపాటి అప్పు, అద్దె షెడ్డు, నిద్రలేని రాత్రులు, చివరికి విజయం. తొమ్మిదో తరగతి పిల్లల్ని ‘మా ఊరు’ మీద వ్యాసం రాయమంటే సగంమంది ఈ కథే రాశారు. అది అబద్ధమని నేననను. సగం నిజమంటాను. మిగతా సగం ఇక్కడికి కొద్ది మైళ్ల దూరాన, బాలానగర్‌లో ఉంది.

1961లో కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్‌ను స్థాపించింది. సోవియట్ సహకారంతో దాని సింథటిక్ డ్రగ్స్ కర్మాగారం బాలానగర్ దగ్గర వెలిసింది. ఆ సంస్థ నష్టాల లెక్కలు చెప్పేవారు చాలామంది ఉన్నారు. అది తయారుచేసిన మనుషుల లెక్క చెప్పేవారే తక్కువ. రసాయనశాస్త్రం చదివి వచ్చిన యువకులు, పరీక్షనాళికలో గ్రాముల్లో జరిగే చర్యను రియాక్టరులో టన్నుల్లో జరిపించడం అక్కడ నేర్చుకున్నారు. ఈ విద్య పుస్తకాల్లో దొరకదు. చిన్న పెట్టుబడిదారుడు సొంత ఖర్చుతో నేర్పించలేడు. కె. అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. ఆయన 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్‌కు ఈనాడు బాచుపల్లిలో కర్మాగారాలున్నాయి.

విద్య ఒక్కటే ఉంటే చాలదు. వలసపాలన నాటి 1911 చట్టం విదేశీ కంపెనీల మందులకు కంచె కట్టింది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959 నాటి నివేదిక బాట వేయగా 1970లో కొత్త పేటెంట్ చట్టం వచ్చి, 1972లో అమలైంది. అప్పటినుంచి పేటెంటు మందు మీద కాదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే. అదీ ఏడేళ్లకు మించదు. అదే మందును మరో దారిన తయారుచేయగలిగినవాడికి తలుపు తెరుచుకుంది. ఐడీపీఎల్‌లో పని నేర్చినవాడు ఆ తలుపులోంచి నడిచాడు.

యంత్రాల పని చేసేవారి చరిత్ర కూడా దీనికి భిన్నం కాదు. 1967లో ప్రభుత్వం 47 వస్తువుల తయారీని చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించింది. 1968లో బాలానగర్‌లో టూల్ డిజైన్ కేంద్ర శిక్షణ సంస్థ ఏర్పడింది. చుట్టూ ఉన్న ప్రభుత్వరంగ కర్మాగారాల అవసరాలు లేతు షెడ్లకు పని తెచ్చాయి.

ఈ చరిత్రలో మనం గమనించవలసినవి మూడు: పని నేర్పే చోటు, అడ్డు తొలగించే చట్టం, సరుకు కొనే చేయి. అప్పు వీటి తర్వాతిదే. ఈనాటి విధానచర్చలు చాలావరకు అప్పుతో మొదలై అప్పుతోనే ముగుస్తాయి. కొనేవాడు లేనప్పుడు అప్పు ఊతం కాదు, ఉరి.

అయితే ఆ విధానాన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. షెడ్లకు స్థలమిచ్చిన ప్రభుత్వం వాటి మురుగు ఎక్కడికి పోతుందో ముందే ఆలోచించలేదు. పటాన్‌చెరు పొలాల్లోకీ చెరువుల్లోకీ చేరిన రసాయనాల మీద 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. శుద్ధి చేసే ఏర్పాటు ఒక్కొక్క చిన్న పరిశ్రమ తలకు మించిన పని. అందరికీ కలిపి కట్టవలసినదాన్ని ఆలస్యంగా కట్టారు. మూల్యం రైతు చెల్లించాడు.

1991 తర్వాత గాలి మారింది. 1992లో ఐడీపీఎల్‌ను ఖాయిలా పడ్డ సంస్థగా ప్రకటించారు. 2005లో మందు మీద పేటెంటు తిరిగి వచ్చింది. 2015లో చిన్న పరిశ్రమలకు ప్రత్యేకించిన చివరి 20 వస్తువులను కూడా జాబితానుంచి తీసేశారు. అప్పటికే పెద్దవైన కంపెనీలు తట్టుకున్నాయి. చిన్నవి వాటికి జాబ్‌వర్కు చేసే స్థితిలో నిలిచాయి.

మా విద్యార్థి తండ్రి ఒకాయనకు రెండు లేతు మిషన్లున్నాయి. పెద్ద కంపెనీ ఒకటి ఆయన బిల్లును ఏడు నెలలు ఆపింది. సరుకు తీసుకున్న 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలనీ, లేకుంటే చక్రవడ్డీ కట్టాలనీ 2006 నాటి చట్టం చెబుతోంది కదా, ఫిర్యాదు చేయరాదా అని అడిగాను.

“చేస్తే వడ్డీ వస్తది సార్. మళ్ల ఆర్డరు రాదు” అన్నాడాయన.

చట్టం ఉండి కూడా ఎందుకు పనిచేయదో ఈ రెండు మాటల్లో ఉంది. కొనే చేయి ఒక్కటే అయినప్పుడు హక్కు కాగితం మీదనే నిలిచిపోతుంది. ఆయన తరఫున ప్రభుత్వమే తనంతట తాను బిల్లులు తనిఖీ చేసి వసూలు చేయించాలి. ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం చిన్న సంస్థలనుంచే కొనాలన్న నియమం లేతు షెడ్డుదాకా దిగిరావాలి.

రచయితలతో ఒక మాట. రైతు, నేతగాడు, మిల్లు కార్మికుడు మన కథల్లోకి వచ్చారు. ఇద్దరు కుర్రాళ్లకు జీతమిస్తూ తానే మిషన్ మీద నిలబడే ఈ మనిషిని మాత్రం మన విమర్శ యజమాని అనలేక, కార్మికుడనీ అనలేక వదిలేసింది. స్వయంకృషి కథ ఆ ఖాళీని ఆక్రమించింది.

ఈసారి మా పిల్లలకు వ్యాసం అంశం మార్చాను: ‘మా నాన్నకు పని నేర్పిందెవరు? ఆయన సరుకు కొనేదెవరు?’