మాచ్‌ఖండ్ నుండి చెరకు తోట వరకు: ఓము నియమము

అనకాపల్లి బెల్లమునకు పేరుగన్న ఊరు. 1913లో ఇచ్చట నెలకొన్న వ్యవసాయ పరిశోధనా కేంద్రము చెరకు సాగుకు ఎంతో మేలు చేసినది. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమగు వరకు ఇది విశాఖపట్నం జిల్లాలోని పట్టణము. ఆ జిల్లాకు జలవిద్యుత్తు నందించినది మాచ్‌ఖండ్. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రములు కలిసి చేపట్టిన ఆ కేంద్రములో 1955లో ఉత్పత్తి మొదలైనది. 1959 నాటికి ఆరు యంత్రములతో సామర్థ్యము 114.75 మెగావాట్లయినది.

కొండలలో పుట్టిన శక్తిని మైదానమునకు దింపుటలో ఒక చిక్కు కలదు. తీగకు నిరోధముండుటచే కొంత శక్తి వేడిగా మారి పోవును. ఆ వేడి ప్రవాహపు వర్గమును బట్టి పెరుగునని జౌల్ 1841లో తెలిపెను. అంతే శక్తిని 11,000 వోల్టులకు బదులు 1,32,000 వోల్టుల వద్ద పంపినచో ప్రవాహము పండ్రెండవ వంతగును. అదే తీగలో నష్టము 144వ వంతుకు తగ్గును.

నిరోధమును లెక్కకు తెచ్చినవాడు కొలోన్ నగరములోని ఒక బడిపంతులు, జార్జి సైమన్ ఓము. నాటి బాటరీలు నిలకడగా పనిచేసెడివి కావు. అందుచే అతడు రాగి, బిస్మతుల అతుకులలో ఒకదానిని మరుగు నీటి వేడిమిలోను, రెండవదానిని మంచులోను ఉంచి నిలకడయైన విద్యుత్తును సంపాదించెను. 1827లో వెలువడిన అతని గ్రంథమును స్వదేశమున చాలమంది పట్టించుకొనలేదు. లండన్ రాయల్ సొసైటీ మాత్రము 1841లో కోప్లే పతకమిచ్చినది. వోల్టులను ఓములతో భాగించినచో ఆంపియర్లు వచ్చును. ఇంత చిన్న భాగహారమునకు అంత కాలము పట్టినది!

దీనిని చెరకు తోటలోని పంపుసెట్టుకు వర్తింపజేసి చూతము. ఫేజు తీగకు, భూమికి నడుమ 230 వోల్టులు. తడిసిన దేహపు నిరోధము సుమారు 1,000 ఓములకు దిగవచ్చును. అప్పుడు ప్రవాహము 0.23 ఆంపియరు. గుండె లయ తప్పుటకు అందులో సగమైనను చాలవచ్చును. 15 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కలోనిదే కాదు. ఫ్యూజు తీగలను కాపాడుటకు పుట్టినది, మనిషిని కాదు.

ఇక ఎర్తు సంగతి. ఫేజు తీగ మోటారు తొడుగును తాకినదనుకొందము. ఎర్తు మార్గపు నిరోధము 5 ఓములైనచో 46 ఆంపియర్లు పారును. ఫ్యూజు త్వరలోనే కరగును. వేసవిలో గొయ్యి ఎండి అది 20 ఓములకు పెరిగినచో 11.5 ఆంపియర్లే. ఫ్యూజు కరగదు, ప్రమాదకరమైన వోల్టేజి తొడుగుపై నిలిచియుండును, మోటారు ఏమియు ఎరుగనట్లు తిరుగుచుండును. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గొయ్యిలో నీరు పోయుచుండుట ఇందుకే. పోయిన ప్రవాహమునకు, తిరిగి వచ్చిన ప్రవాహమునకు 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే వలయమును తెంచు మీటలు ఇప్పుడు దొరకుచున్నవి. వాటికి ఒక పరీక్షా బొత్తాము ఉండును. నెలకొకసారి నొక్కి చూచుట మంచిది.