గొట్టపు అవయవాల కణజాల ఇంజనీరింగ్

వాయునాళం, అన్నవాహిక, రక్తనాళం, ప్రసేకం (మూత్రాశయం నుంచి మూత్రం బయటికి వచ్చే గొట్టం) పాడైనప్పుడు, రోగి సొంత కణాలను ల్యాబ్‌లో పెంచి, చట్రం మీదనో జెల్‌లోనో పెట్టి ఆ భాగాన్ని తిరిగి కట్టే ప్రయత్నాన్ని కణజాల ఇంజనీరింగ్ అంటారు. వీటన్నిటిలో వాయునాళానికే పేరు ఎక్కువ వచ్చింది, అపకీర్తి అంతకన్నా ఎక్కువ వచ్చింది. నమ్మదగిన ఫలితాలు మాత్రం ప్రసేకం, రక్తనాళాల దగ్గర కనిపిస్తాయి. ప్రసేకం విషయంలో హైదరాబాద్‌కూ చోటుంది.

పెద్దవాళ్ల వాయునాళం పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు. 16 నుంచి 20 దాకా మృదులాస్థి వలయాలు దాన్ని మూసుకుపోకుండా నిలబెడతాయి. లోపలి పొర మీది సన్నని శైలికలు కఫాన్ని ఎప్పటికప్పుడు పైకి నెడతాయి. ఈ గొట్టం ఇరుకు కావడానికి ముఖ్య కారణం వెంటిలేటర్. పురుగుమందు విషమో, తలకు దెబ్బో, తీవ్ర న్యుమోనియానో రోగిని రోజుల తరబడి దాని మీద ఉంచినప్పుడు, గొంతులో వేసిన గొట్టం చివరి బుడగ లోపలి పొరను నొక్కుతుంది. నొక్కిన చోట రక్తం ఆడదు, పుండు పడుతుంది. పుండు మానుతూ గట్టి మచ్చగా ముడుచుకుంటే దారి సన్నబడుతుంది. పాడైన ముక్క చిన్నదైతే కోసేసి రెండు కొసలూ కలిపి కుట్టవచ్చు. పెద్దవాళ్లలో సుమారు సగం పొడవు వరకు ఇది సాధ్యం. అంతకు మించి పోతేనే కొత్త గొట్టం మాట వస్తుంది.

2008లో బార్సిలోనాలో సర్జన్ పావోలో మకియారిని బృందం దాత వాయునాళంలోని కణాలన్నీ కడిగేసి, మిగిలిన చట్రం మీద రోగి కణాలు పెంచి ఒక మహిళకు అమర్చింది. లోకం చప్పట్లు కొట్టింది. 2011లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఆస్పత్రిలో ఆయన ఏకంగా ప్లాస్టిక్ గొట్టాన్నే మూలకణాలతో తడిపి అమర్చాడు. స్వీడన్‌లో అలా అమర్చిన ముగ్గురూ చనిపోయారు. 2023లో అక్కడి అప్పీలు కోర్టు ఆయనకు రెండున్నరేళ్ల జైలు శిక్ష వేసింది. బార్సిలోనా కేసుపై ప్రచురించిన పత్రాన్ని వైద్య పత్రిక లాన్సెట్ అదే ఏడాది ఉపసంహరించుకుంది. ఇందులో ఒక మనిషి మోసం ఎంతుందో, శాస్త్రం తొందరపాటూ అంతే ఉంది. నారు పీకి తడిలేని మడిలో నాటితే బతకదు. రక్తం అందని చట్రం మీద కణాలూ అంతే. వాయునాళానికి ఒకే పెద్ద ధమని లేదు, చుట్టూ ఉన్న సన్నని నాళాలే దాన్ని పోషిస్తాయి. పైగా ప్రతి శ్వాసతో బయటి గాలి, సూక్ష్మజీవులు అక్కడికే చేరతాయి.

ప్రసేకం ఇంత మొండిది కాదు. దాని చుట్టూ రక్తం పుష్కలంగా ఉండే మెత్తని కణజాలం ఉంటుంది, నిలబెట్టడానికి మృదులాస్థి అక్కర్లేదు. పరిశోధకుడు ఆంథోనీ అటాలా బృందం 2004 నుంచి 2007 మధ్య మెక్సికో సిటీలో అయిదుగురు బాలురకు, వాళ్ల సొంత కణాలతో పెంచిన గొట్టాలు అమర్చింది. ఏళ్ల తర్వాత కూడా అవి పనిచేస్తున్నాయని 2011లో ప్రకటించింది.

హైదరాబాద్ యశోద ఆస్పత్రి యూరాలజిస్టు వడ్డి సూర్యప్రకాశ్ చేసింది ఇంకా చిన్న పని, నా దృష్టిలో ఇంకా తెలివైన పని. ప్రసేకం ఇరుకైతే బుగ్గ లోపలి పొరను పెద్ద ముక్కగా కోసి అతికించడం మామూలు పద్ధతి. ఆయన ఆ పొర నుంచి చిన్న ముక్క మాత్రమే తీసుకుని చెన్నై ల్యాబ్‌కు పంపించారు. అక్కడ పెంచిన కణాలు జెల్‌లో తిరిగి వచ్చాయి. ఆ జెల్ చల్లగా ఉంటే ద్రవం, ఒంటి వేడికి గడ్డకడుతుంది. ఎండోస్కోపుతో ఇరుకును చీల్చి, చీల్చిన చోటే దాన్ని నింపారు. ఆరుగురు రోగుల్లో నలుగురికి మూడేళ్ల తర్వాత కూడా మూత్ర ధార బాగుంది, ఇద్దరికి ఇరుకు తిరగబెట్టింది. 2019లో అచ్చయిన ఈ ఫలితం ఆరుగురిదే, కాబట్టి దీన్ని ఆశగా చూడాలి తప్ప రుజువుగా కాదు. విఫలమైన ఇద్దరి సంగతీ దాచకుండా రాయడం మాత్రం వాయునాళం కథలో కొరవడిన గుణం.

రక్తనాళాల్లో అడుగు ఇంకా ముందుకు పడింది. మానవ కణాలతో కరిగిపోయే జాలీ మీద గొట్టం పెంచి, తర్వాత కణాలన్నీ తొలగించి నిల్వచేసిన నాళానికి, గాయపడిన కాలు చేతుల ధమనుల కోసం అమెరికా 2024 డిసెంబరులో అనుమతి ఇచ్చింది.

ల్యాబ్‌లో పెంచిన వాయునాళం నేటికీ మామూలు చికిత్సగా ఎక్కడా దొరకదు. వెంటిలేటర్ మీద ఉండి ఇంటికొచ్చిన మనిషికి కొన్ని వారాలకు ఊపిరి పీల్చేటప్పుడు ఈల శబ్దం, ఆయాసం మొదలైతే, ఉబ్బసం అనుకుని ఇన్‌హేలర్‌తో సరిపెట్టకండి. చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించి గొట్టం లోపలికి కెమెరా వేయించండి.