ఆకు తిన్న పాపానికి

ఆస్ట్రియాలో మిక్స్‌నిట్జ్ అనే ఊరి పైన, కొండలో ఒక పెద్ద గుహ ఉంది. లోపలి మట్టిలో కూరుకుపోయిన పుర్రెల్నీ కోరల్నీ చూసి అక్కడి పూర్వికులు అవి డ్రాగన్ ఎముకలని నమ్మారు. గుహకు ఆ పేరే స్థిరపడింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, ఎరువుకు కటకటలాడుతున్న దేశం ఆ గుహ మట్టిని తవ్వి పొలాలకు తరలించింది. వేల ఏళ్లుగా పేరుకున్న ఎముకల ఫాస్ఫేటు పైర్లకు బలమైంది. ఊళ్లవాళ్లు తరతరాలుగా భయపడిన ఆ జీవి బతికినన్నాళ్లూ ఆకూ అలమూ మేసిందే తప్ప మాంసం జోలికి పెద్దగా పోలేదని గట్టిగా చెప్పే సాధనం అప్పటికింకా పుట్టలేదు.

దాని పేరు గుహ ఎలుగు. 1794లో యోహాన్ క్రిస్టియన్ రోజెన్‌ముల్లర్ అనే జర్మన్ శరీరశాస్త్రవేత్త బవేరియాలోని ఒక గుహలో దొరికిన పుర్రెను చూసి, ఇది నేడు భూమ్మీద తిరిగే ఏ ఎలుగూ కాదని గుర్తించి, ఉర్సస్ స్పెలియస్ అని నామకరణం చేశాడు. నిటారుగా లేచిన నుదురు, వెడల్పాటి దవడ పళ్లు, అర టన్ను దాకా తూగే మగ ఎలుగులు. స్పెయిన్ నుంచి ఉరల్ కొండల దాకా దానిదే రాజ్యం. వేసవంతా తిని కొవ్వు పెంచుకోవడం, చలికాలమంతా గుహలో పడి నిద్రపోవడం, ఇదే దాని ఏడాది. వేసవిలో కడుపు నిండనివి, ముసలివి, ఆ చలికాలంలోనే పుట్టిన పసికూనలు నిద్రలోనే పోయేవి. గుహల్లోని ఎముకల గుట్టలు చాలావరకు అలా చేరినవే.

ఇంత పెద్ద జంతువు ఏం తిని బతికింది? మన అడవుల ఎలుగు చెదలూ తేనే ఇప్పపూలూ ఏది దొరికితే అది తింటుంది. గోధుమ ఎలుగు చేపల్నీ జింకల్నీ కూడా వదలదు. గుహ ఎలుగు పళ్ల తీరు చూసి శాకాహారి అయివుంటుందని కొందరన్నారు. ఏం తినగలదో పళ్లు చెబుతాయి, ఏం తిన్నదో మాత్రం ఎముకనే అడగాలి.

అడిగే పద్ధతి ఇది. ఎముక ముక్కను శుభ్రం చేసి పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉంచితే ఖనిజమంతా కరిగిపోయి, కొల్లాజెన్ అనే ప్రోటీన్ మిగులుతుంది. దాన్ని వడకట్టి, ఆరబెట్టి, కాల్చి, వచ్చిన వాయువును మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. ప్రకృతిలో నత్రజని రెండు రకాలు: తేలికైన 14, బరువైన 15. తిన్న తిండిలోని తేలికైన నత్రజని మూత్రంతో ఎక్కువగా బయటికి పోతుంది, బరువైనది ఒంట్లో నిలుస్తుంది. అందుకని గడ్డి కంటే గడ్డి తిన్న జంతువులో, దాని కంటే దాన్ని చంపి తిన్న జంతువులో బరువైన నత్రజని మెట్టుకు వెయ్యికి 3 నుంచి 5 వంతుల చొప్పున పెరుగుతూ పోతుంది. ఎముక నెమ్మదిగా మారే వస్తువు గనుక, అందులో మిగిలింది ఏళ్ల తరబడి తిన్న తిండి లెక్క.

హెర్వే బొషెరాన్స్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1990ల నుంచి ఈ పరీక్షలు చేస్తూ వచ్చారు. చాలా గుహల ఎలుగుల్లో ఆ విలువలు తోడేళ్ల పక్కన కాక, గడ్డి మేసే జంతువుల వరసలో, కొన్నిచోట్ల వాటికన్నా దిగువన నిలిచాయి. అదే కాలపు గోధుమ ఎలుగులు మాంసం వైపు మొగ్గాయి. పాలు తాగే కూనల ఎముకల్లో మాత్రం ఒక మెట్టు ఎక్కువ కనిపిస్తుంది. తల్లి పాలంటే తల్లి ఒంటి నుంచి వచ్చిన తిండే కదా. ఏ కూన పాలు మానకముందే పోయిందో ఇన్ని వేల ఏళ్ల తర్వాత కూడా తెలుస్తోంది. ఈ శాస్త్రంలో నన్ను కదిలించేది ఈ సంగతే.

ఆ తర్వాత రొమేనియా గుహల నుంచి ఎదురు సాక్ష్యం వచ్చింది. అక్కడి ఒవాసె గుహ ఎలుగుల్లో బరువైన నత్రజని బాగా ఎక్కువగా ఉందనీ, ఇవి మాంసమో చేపలో తిన్నాయనీ 2008లో ఒక అధ్యయనం చెప్పింది. ఎన్నో ఏళ్లు వాదం నడిచింది. నేల స్వభావాన్ని బట్టి మొక్కల్లోనే నత్రజని మారుతుంది కాబట్టి మొత్తం కొల్లాజెన్ లెక్క ఒక్కటే చాలదు. అప్పుడు యుయిచి నైటో అనే పరిశోధకుడి బృందం కొల్లాజెన్‌ను అమైనో ఆమ్లాలుగా విడగొట్టింది. వాటిలో ఫినైల్‌అలనిన్ మొక్కలోని విలువను దాదాపు అలాగే మోసుకొస్తుంది. గ్లుటామిక్ ఆమ్లం మెట్టు మెట్టుకూ పెరుగుతుంది. రెంటి తేడా చూస్తే నేల సంగతి పక్కకు పోయి తిండి మాత్రమే మిగులుతుంది. 2016లో బెల్జియంలోని గోయే గుహ ఎలుగులూ, 2020లో రొమేనియా ఎలుగులూ ప్రధానంగా మొక్కలే తిన్నాయని తేలింది. ఎముకలు నిర్దోషిత్వం నిరూపించుకున్నాయి. కానీ గుహ ఎలుగును నిలబెట్టిన ఆ ఆకుల తిండే చివరికి దాన్ని కూల్చింది.

ఆకులతో అర టన్ను ఒంటిని నిలపాలంటే పొడవైన వేసవి కావాలి. సుమారు 25 వేల ఏళ్ల క్రితం యూరప్ మహా హిమయుగపు గడ్డు ఘట్టంలోకి జారింది. పచ్చదనం రోజులు కుంచించుకుపోయాయి. అలాంటప్పుడు తిండి మార్చుకోవాలి, కానీ గుహ ఎలుగు పుర్రె అందుకు ఒప్పుకునే రకం కాదు. ఆ ఎత్తైన నుదుటి లోపల విశాలమైన గాలి గదులున్నాయి. శీతనిద్రకు అవి మేలు చేసి ఉంటాయి గానీ, ముందు పళ్లతో బలంగా కొరికే శక్తిని తగ్గించాయని 2020లో స్పెయిన్ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో చూపారు. వెనక దవడ పళ్లతో నమిలి నమిలి తినడమే దానికి మిగిలిన దారి.

అయినా చలి ఒక్కటే చంపిందంటే నేను నమ్మను. అంతకు ముందు రెండు చల్లని దశల్ని అది తట్టుకుంది. 2019లో వెలువడిన జన్యు అధ్యయనం ప్రకారం గుహ ఎలుగుల సంఖ్య బాగా పడిపోవడం మొదలైంది సుమారు 40 వేల ఏళ్ల క్రితం, అంటే మనలాంటి మనుషులు యూరప్‌లో విస్తరిస్తున్న వేళ. మనిషికీ చలికాలంలో గుహే కావాలి. జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో దొరికిన ఒక ఎలుగు వెన్నుపూసలో చెకుముకి రాతి మొన విరిగి దిగబడి ఉంది. నిద్రలో ఉన్నదాన్ని పొడిచారో, లేచినదాన్ని పొడిచారో ఆ ఎముక చెప్పదు.

ఉత్తర స్పెయిన్‌లో దగ్గర దగ్గర గుహల ఎలుగుల జన్యువులు చదివితే, దాదాపు ప్రతి గుహకూ తనదైన తల్లి వంశం ఉందని తేలింది. తల్లి ఎక్కడ కన్నదో కూతురూ అక్కడికే నిద్రకు వచ్చేది. పక్కనే ఖాళీ గుహ ఉన్నా పోయేది కాదు. ఇంటిని మనిషి ఆక్రమించుకున్నప్పుడు అలాంటి జంతువు ఎక్కడికి పోతుంది?

ఈనాటి గోధుమ ఎలుగుల జన్యువుల్లో 0.9 నుంచి 2.4 శాతం గుహ ఎలుగు నుంచి వచ్చినవేనని 2018లో తేలింది. అది చూపి గుహ ఎలుగు పూర్తిగా పోలేదని ఓదార్చుకునేవాళ్లున్నారు. నాకు ఆ ఓదార్పు చాలదు. గోధుమ ఎలుగు ఏది దొరికితే అది తిని, ఎక్కడ చోటుంటే అక్కడ పడుకుని బతికి బయటపడింది. స్పెయిన్ గుహల్లోని గోధుమ ఎలుగు ఎముకల్లో, పుట్టిన గుహనే పట్టుకు వేలాడిన జాడ లేదు.