సమాధి చుట్టును నిలిచిన అల్లుండ్రు

1694వ సంవత్సరపు అగ్నిప్రమాదమున మా వార్విక్ పట్టణములో చాలభాగము దగ్ధమై, సెంట్ మేరీ చర్చి గోపురమును ప్రధానమండపమును నశించినను, దక్షిణపార్శ్వమందలి బీచం ప్రార్థనాలయము మాత్రము మంటలకు చిక్కక మిగిలినది. దాని నడుమ, బంగారుపూతతో మెఱయు లోహప్రతిమారూపమున శయనించియున్నవాడు వార్విక్ ప్రభువగు రిచర్డ్ బీచం. ఇంగ్లండు సమాధులపై సాధారణముగా కానవచ్చు ప్రతిమలవలె ఇతడు చేతులు జోడింపక, వానిని ఎడముగా పైకెత్తి, పైకప్పునందలి మేరీమాతను ఱెప్పవాల్పక చూచుచుండును.

1382లో జన్మించి, 1403లో ష్రూస్‌బరీ యుద్ధమున నాలుగవ హెన్రీ పక్షమున పోరాడి, పిదప జెరూసలేము యాత్ర చేసి, 1428లో బాలుడగు ఆఱవ హెన్రీకి శిక్షకుడుగా నియుక్తుడై, 1439లో ఫ్రాన్సునందలి రువాన్‌లో ఇతడు మరణించెను. 1431లో జోన్ ఆఫ్ ఆర్క్ బందీగా నుండినది ఇతని అధీనమందలి రువాన్ కోటలోనే. ఆ సంగతి మా యూరివారు గర్వముగా చెప్పుకొనదగినదని నేను తలంపను.

యుద్ధములకంటె ఇతని కుటుంబకథయే నాకు విచిత్రముగా తోచును. మొదటి భార్య ఎలిజబెత్ బర్‌క్లీయందు ముగ్గురు కుమార్తెలును, రెండవ భార్య ఇసబెల్ డిస్పెన్సర్‌యందు హెన్రీ యను కుమారుడును, ఆన్ అను కుమార్తెయు కలిగిరి. హెన్రీ 1446లో ఇరువదియొక్క యేండ్లకే గతించెను. అతని పసిబిడ్డయు 1449లో కన్నుమూసెను. అంతట, హెన్రీకి ఏకోదరి యగుటచే ఆన్‌కే సర్వమును చెందునని ఆమె భర్త రిచర్డ్ నెవిల్ బిరుదమును గ్రహింపగా, సవతి యక్కలును వారి భర్తలును వ్యాజ్యమునకు దిగిరి.

సమాధి చుట్టును శోకించు బంధువుల ప్రతిమలు పదునాలుగు కలవు. అందు ఈ నెవిల్‌తోపాటు, రెండవ కుమార్తె ఎలియనార్ భర్తయగు సోమర్సెట్ ప్రభువు ఎడ్మండ్ బోఫర్ట్‌కును స్థానము లభించినది. తోడల్లుండ్రిద్దఱును మామగారికై ఏకముగా విలపించుచున్నట్లు శిల్పి నిలిపెను కాని, 1443లో ఆరంభమైన ఆ ప్రార్థనాలయపు పనులింకను ముగియకమునుపే, 1455లో సెంట్ ఆల్బన్స్ వీథులలో జరిగిన యుద్ధమున వారు శత్రుపక్షములయందు నిలువగా, సోమర్సెట్ నిహతుడయ్యెను.

నెవిల్ 1471లో బార్నెట్ యుద్ధమున పడిపోయెను. అతని యల్లుండ్రు, నాలుగవ ఎడ్వర్డు రాజు సోదరులగు క్లారెన్సు, గ్లౌస్టర్ ప్రభువులు, అత్తగారు బ్రదికియుండగనే ఆమెను మృతురాలిగా నెంచి ఆస్తిని పంచుకొనునట్లు 1474లో పార్లమెంటు శాసనము చేసెను. 1487లో ఏడవ హెన్రీ ఆ యాస్తిని ఆన్‌కు మరల నిప్పించి, వెంటనే అందు అధికభాగమును తన పేర వ్రాయించుకొనెను.